తేదీ దాటింది.. తినొచ్చా?

మా హాస్టల్లో రెండు పార్టీలు ఉన్నాయి. ప్యాకెట్ వెనక తేదీ చూసి డస్ట్‌బిన్‌లో వేసేవాళ్లు ఒక పార్టీ. మూత తీసి వాసన చూసి తినేసేవాళ్లు ఇంకో పార్టీ. మొదటి పార్టీ దృష్టిలో 12వ తారీఖు రాత్రి 11:59 వరకు అది అమృతం, 13 రాగానే విషం. రెండో పార్టీకి ముక్కే ల్యాబ్. "ఏ వాసనా రావట్లేదు కదే, తిను" అంటారు. ఇద్దరూ ఎంత కాన్ఫిడెంట్‌గా మాట్లాడతారంటే, మధ్యలో నాలాంటి వాళ్లు బిస్కెట్ చేతిలో పట్టుకుని నిలబడిపోతారు. అసలు ఆ తేదీ ఎవరు వేస్తారు, దేన్ని చూసి వేస్తారు, దాటితే లోపల ఏం జరుగుతుంది అని కొన్నాళ్లుగా చదువుతున్నాను. చదివాక తెలిసిందేంటంటే, రెండు పార్టీల దగ్గరా సగం సగం నిజమే ఉంది. ప్రమాదకరమైన విషయమేమో ఆ రెండు సగాల మధ్య ఖాళీలో ఉంది.

ముందు తేదీ సంగతి చూద్దాం. మన దేశంలో ప్యాకెట్ మీద ఏం రాయాలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర సంస్థ నిర్ణయిస్తుంది. దాని 2020 లేబులింగ్ నిబంధనల్లో రెండు మాటలకి రెండు వేర్వేరు అర్థాలు ఇచ్చారు. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, కరకర, రంగు కంపెనీ చెప్పినట్టే ఉంటాయని. దాటాక నాణ్యత తగ్గొచ్చు, కానీ తినడానికి పూర్తి సురక్షితంగానే ఉండొచ్చు అని ఆ నిర్వచనంలోనే ఉంది. 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' అంటే వేరు. ఆ తేదీ తర్వాత మనం ఆశించే నాణ్యత, భద్రత బహుశా ఉండవు, అమ్మకూడదు.

ఇక్కడిదాకా ఈజీ. ఇంటర్నెట్‌లో ఏ వీడియో చూసినా ఇదే చెప్తారు: "బెస్ట్ బిఫోర్ అయితే పర్లేదు, యూజ్ బై అయితే పారెయ్యండి". ఈ సలహా బ్రిటన్‌లో, యూరప్‌లో బాగా పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ పచ్చి మాంసం, చేపల్లాంటి త్వరగా పాడయ్యే వాటి మీదే 'యూజ్ బై' వేస్తారు. మన దగ్గర అలా కాదు. 2020 నిబంధనల ప్రకారం తయారీ తేదీతో పాటు 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' తప్పనిసరి, 'బెస్ట్ బిఫోర్' కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. అంటే పాల ప్యాకెట్ మీదా అదే మాట, బిస్కెట్ ప్యాకెట్ మీదా అదే మాట. పాలు రెండు రోజులు దాటడం, బిస్కెట్ రెండు రోజులు దాటడం ఒకటేనా? కాదని ఎవరికైనా తెలుసు. లేబుల్ మాత్రం ఆ తేడా చెప్పదు. మాట ఒక్కటే చూసి నిర్ణయం తీసుకునే దారి మనకి లేదు, లోపల ఉన్న పదార్థం ఏంటో చూడాల్సిందే.

మన సీఎస్ఈ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎక్స్‌పైరీ తేదీ అనేది క్యాష్‌లో పెట్టే టైమ్ టు లివ్ లాంటిది. లోపల డేటా నిజంగా మారిందా లేదా అని అది చెక్ చేయదు. "ఇంతసేపటి తర్వాత నమ్మకు" అని ముందే వేసుకున్న అంచనా, అంతే. టైమ్ అయిపోయినా డేటా బాగానే ఉండొచ్చు, అవ్వకముందే పాడైపోయి కూడా ఉండొచ్చు. మనం ఎక్కువగా మర్చిపోయేది ఈ రెండోదాన్నే.

ఆ అంచనా ఎలా వేస్తారో చూస్తే ఇంకా ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. ఆర్నెల్లు నిల్వ ఉండే సరుకుని టెస్ట్ చేయడానికి కంపెనీ ప్రతిసారీ ఆర్నెల్లు కూర్చోదు. ఎక్కువ వేడి, ఎక్కువ తేమ ఉన్న గదిలో పెట్టి త్వరగా పాడయ్యేలా చేస్తుంది. మామూలు వేడిలో ఎన్నాళ్లు ఉంటుందో దాన్నుంచి లెక్క కడుతుంది. ఆ లెక్క వెనక ఉన్నది ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో చదివి ఎగ్జామ్ హాల్ బయటే వదిలేసి వచ్చిన అర్హీనియస్ సమీకరణం. మోటుగా చెప్తే వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇప్పుడు దాన్ని మన వైపు తిప్పండి. 25 డిగ్రీల్లో ఆర్నెల్లు అనుకుని వేసిన తేదీ, స్లాబ్ కింద ఉన్న పై అంతస్తు గదిలో, మే నెలలో, 35 దాటిన వేడిలో ఆర్నెల్లు నిలబడదు. అందుకే ప్రతి ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో 'చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి' అని ఉంటుంది. ఆ లైన్ తేదీకి పెట్టిన షరతు. మన గది ఆ షరతు పాటించకపోతే కంపెనీ వేసిన తేదీకి మన ప్యాకెట్‌తో సంబంధం తెగిపోయినట్టే.

ప్యాకెట్ తెరిస్తే ఆ సంబంధం పూర్తిగా తెగుతుంది. దీనికి మంచి ఉదాహరణ టెట్రాప్యాక్ పాలు. వాటిని 135 డిగ్రీలకి పైగా కొన్ని సెకన్ల పాటు వేడి చేసి, క్రిములు చేరకుండా ప్యాక్ చేస్తారు. అందుకే తెరవకపోతే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటాయి. కత్తెరతో మూల కట్ చేసిన క్షణం నుంచి అవి మామూలు పాలే. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడెయ్యాలి. కానీ మా కారిడార్‌లో సగం తాగిన టెట్రాప్యాక్‌కి క్లిప్ పెట్టి, "ఇంకా మూడు నెలలు ఉందిలే" అని కిటికీలో పెట్టేవాళ్లని చూశాను. వాళ్లు తేదీ చదివారు, నిజమే. అది మూసి ఉన్న ప్యాకెట్ తేదీ.

ఇక ముక్కు పార్టీ. వీళ్ల వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కంపు కొడుతున్నా, జిగటగా ఉన్నా, బుడగలు వస్తున్నా తినకూడదు. అక్కడ ముక్కు, నాలుక, కన్ను చక్కగా పనిచేస్తాయి. సమస్యంతా వాసన రానప్పుడే. ఆహారాన్ని కంపు కొట్టించే బాక్టీరియా వేరు, మనిషిని పడగొట్టే బాక్టీరియా వేరు. సాల్మొనెల్లా ఉన్న గుడ్డు మామూలు గుడ్డులాగే ఉంటుంది. స్టెఫైలోకాకస్ వదిలిన విషం ఉన్న కూర నిన్నటి కూరలాగే కమ్మగా ఉంటుంది. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, ఏ సంకేతమూ ఇవ్వదు. అంటే ముక్కు 'వద్దు' అంటే నమ్మొచ్చు, 'ఓకే' అంటే నమ్మలేం. టెస్టింగ్ భాషలో ఇది ఫాల్స్ నెగెటివ్‌లు బోలెడు ఉన్న టెస్ట్. యూజ్ బై తేదీ కూడా పాలు, మాంసం లాంటి వాటి విషయంలో ఇలాంటిదే. దాటితే 'వద్దు' అన్నది గట్టిది, దాటకపోతే 'ఓకే' అన్నది గ్యారెంటీ కాదు.

దాటకపోయినా గ్యారెంటీ లేదంటే నమ్మని వాళ్లకి మయోనైజ్ సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో మోమోస్ తిన్నవాళ్లు జబ్బు పడ్డాక, 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. అది ఆ రోజే చేసిన ఫ్రెష్ మయోనైజ్ కావచ్చు. ఉడకని గుడ్డు ఎండలో గంటలకొద్దీ బయట ఉంటే ఫ్రెష్ అన్న మాటకి విలువ లేదు.

అన్నిటికన్నా మనకి దగ్గరి సంగతి, తేదీయే లేనిది ఒకటుంది. వండిన అన్నం. రాత్రి పదింటికి తెచ్చుకున్న ఫ్రైడ్ రైస్ సగం తిని, మూత పెట్టి, పొద్దున్న ఏడింటికి "టిఫిన్‌కి సరిపోతుంది" అనుకునే వాళ్లు ప్రతి ఫ్లోర్‌లో ఉంటారు. బియ్యం మీద మట్టి నుంచి వచ్చిన బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు ఉంటాయి. స్పోర్ అంటే గట్టి పెంకు కప్పుకుని నిద్రపోతున్న రూపం. అన్నం ఉడికేటప్పుడు మామూలు బాక్టీరియా చచ్చిపోతుంది, ఇవి చావవు. అన్నం గోరువెచ్చగా అవ్వగానే నిద్ర లేస్తాయి. చుట్టూ తేమ, పిండిపదార్థం, పోటీకి వచ్చే ఇతర క్రిములేమో ఉడికిపోయాయి. ఇంతకన్నా మంచి రోజు వాటికి దొరకదు.

సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిని ఆహార భద్రతలో డేంజర్ జోన్ అంటారు. అనుకూలమైన వేడిలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. లూప్ వేసి చూడండి. గంటకి మూడు రెట్టింపులు, ఏడు గంటలకి 21. ఒక్కటి కాస్తా 20,97,152 అవుతుంది. నిజం ఆహారంలో అన్నీ ఇంత వేగంగా పెరగవు, ఒక దశలో ఆగిపోతాయి కూడా. అయినా గ్రాముకి లక్ష దాటే స్థాయికి చేరితే ఇలాంటి క్రిములు జబ్బు చేసేంత విషం తయారు చేయగలవు. రాత్రి పది నుంచి పొద్దున్న ఏడు వరకు తొమ్మిది గంటలు.

"మళ్లీ వేడి చేస్తే పోతుంది కదా?" అని వెంటనే ప్రశ్న వస్తుంది. ఈ మొత్తం ఆర్టికల్‌లో ఒక్క పేరా చదివే ఓపికే ఉంటే ఇది చదవండి. వేడి చేస్తే బాక్టీరియా చస్తుంది. అది అప్పటికే వదిలిన విషం చావదు. బాసిల్లస్ సీరియస్ వదిలే సెరూలైడ్ అనే విషం 121 డిగ్రీల్లో గంటన్నర ఉంచినా నిలబడుతుంది. కెటిల్‌లో నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. స్టెఫైలోకాకస్ విషం కూడా మామూలు వంట వేడికి లొంగదు. కాబట్టి ముఖ్యమైన ప్రశ్న 'వేడి చేశావా' అని కాదు, 'ఇంతసేపు ఎక్కడుంది' అని. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిన అన్నం మర్నాడు పొగలు కక్కేలా వేడి చేసుకుని తినొచ్చు. రాత్రంతా టేబుల్ మీద ఉన్న అన్నం పారెయ్యడమే.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి "మరి చద్దన్నం సంగతేంటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. చద్దన్నం అంటే మిగిలిపోయి గిన్నెలో అలాగే ఉన్న అన్నం కాదు. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టింది. అందులో లాక్టిక్ ఆమ్లం తయారు చేసే బాక్టీరియా ముందుగా ఆక్రమించుకుని పులుపు పెంచుతుంది. పులుపు పెరిగిన చోట చెడ్డ క్రిములు పెరగడం కష్టం. ఇడ్లీ పిండి, పెరుగు విషయంలోనూ జరిగేది అదే. నిన్నటి బిర్యానీ డబ్బాని చద్దన్నం అని పిలిచినంత మాత్రాన అది చద్దన్నం అయిపోదు.

పులుపు మాట వచ్చింది కాబట్టి, మన పాతకాలం వంటలు ఈ లెక్కలన్నీ పేర్లు తెలియకుండానే పాటించాయి. ఒక ఆహారం ఎంత త్వరగా ప్రమాదకరం అవుతుందో చెప్పేవి ముఖ్యంగా రెండు. అందులో క్రిములకి అందే నీరు ఎంత, పులుపు ఎంత. మొదటిదాన్ని వాటర్ యాక్టివిటీ అంటారు, సున్నా నుంచి ఒకటి వరకు కొలుస్తారు. 0.85 కన్నా తక్కువుంటే జబ్బు చేసే బాక్టీరియా పెరిగి విషం వదల్లేదు. 0.6 కన్నా తక్కువుంటే బూజు కూడా పెరగదు. కరకరలాడే బిస్కెట్ 0.3 దగ్గర ఉంటుంది, బ్రెడ్ 0.95 దగ్గర. జంతికలు, చెక్కలు, పూతరేకులు బిస్కెట్ జాతి. ఉప్పు, బెల్లం, పంచదార కూడా నీటిని పట్టి ఉంచి క్రిములకి అందకుండా చేస్తాయి. ఆవకాయలో ఉప్పు చేసే పని అదే. పైగా మామిడికాయ పులుపు, పైన తేలే నూనె పొర గాలి తగలకుండా. పులుపుకి కొలత పీహెచ్. అది 4.6 కన్నా తక్కువుంటే బొట్యులిజం తెచ్చే బాక్టీరియా కూడా పెరగదు. ప్రయాణానికి పులిహోర కడతారు కానీ సాంబారన్నం కట్టరు. చింతపండు పులుపు, నూనె ఉన్న అన్నం ఎక్కువసేపు ఆగుతుందని మనవాళ్లకి అనుభవంతో తెలుసు. పులిహోర అయినా అమరమేమీ కాదు, ఒక పూట కలిసొస్తుంది.

"జాడీలో తడి చెయ్యి పెట్టకు" అని మా నానమ్మ చిన్నప్పటి నుంచి అరుస్తూనే ఉంది. తడి గరిటె పెడితే ఆ ఒక్క చోట ఉప్పు పలచబడి, నీరు అందుబాటులోకి వచ్చి బూజు మొదలవుతుంది. జాడీ మీద తేదీ లేకపోయినా ఆవిడ దగ్గర దానికో పద్ధతి ఉంది, అది కరెక్ట్ కూడా.

కానీ నేను ఇదంతా చదవడం మొదలుపెట్టిందే ఆవిడ కోసం. నానమ్మకి 74 ఏళ్లు, షుగర్ ఉంది, తెనాలి దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది. పొద్దున్నే ఒకేసారి వండేసి మర్నాటి వరకు సర్దుకుంటుంది. పారెయ్యడం ఆవిడకి పాపం. కరెంట్ బిల్లు భయంతో రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్ ఆపేస్తుంది. గత వేసవిలో ముందు రోజు మధ్యాహ్నం వండిన పప్పు తిని, రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుంది. కారణం పప్పే అని డాక్టర్ ఖాయంగా చెప్పలేదు. కానీ మనకి ఒక పూట కడుపునొప్పితో పోయేది ఆ వయసులో హాస్పిటల్ దాకా తీసుకెళ్తుంది. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, వీళ్లకి ఇన్ఫెక్షన్‌ని తట్టుకునే శక్తి తక్కువ. మన ఏజ్‌లో చెల్లుబాటయ్యే "ఏం కాదులే" వాళ్ల దగ్గర చెల్లదు.

ఫోన్‌లో చెప్తే ఆవిడ నవ్వింది. "తేదీలు చూసుకుని తినుంటే ఇన్నేళ్లు బతికేదాన్నటే? వేడి చేస్తే పురుగులు చావవూ?"

"పురుగులు చస్తాయి నానమ్మా, అవి వదిలిన విషం చావదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పప్పు సగమే వేస్తాలే" అంది. ఫ్రిజ్ విషయం మాత్రం ఇంకా తేలలేదు. రాత్రి ఆపేసిన ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ మీద తేదీ ఎందుకూ పనికిరాదని చెప్పడానికి ఈసారి సెలవుల్లో ఒక థర్మామీటర్ కొని తీసుకెళ్తున్నాను. 5 డిగ్రీల కన్నా కింద ఉండాల్సింది పొద్దున్నకి ఎంతకి చేరిందో ఆవిడ కళ్లతోనే చూస్తుంది. నా మాట నమ్మకపోయినా అంకె నమ్ముతుంది, ఆవిడ రేషన్ షాపు తూకాన్ని కూడా రెండుసార్లు చూసే మనిషి.

బూజు గురించి చెప్పకపోతే ఈ ఆర్టికల్ మా హాస్టల్లో ఎవరూ ఒప్పుకోరు, ఎందుకంటే బ్రెడ్ ఇక్కడి జాతీయ ఆహారం. ఒక మూల పచ్చగా కనిపిస్తే ఆ ముక్క తుంచేసి మిగతాది తినడం ఆనవాయితీ. "పెన్సిలిన్ కూడా బూజే కదా" అనే సైంటిస్టులు కూడా ఉన్నారు. ఫ్లెమింగ్ 1928లో గమనించింది ఒక రకం బూజుని. మన బ్రెడ్ మీద వచ్చింది ఏ రకమో రంగు చూసి ఎవరూ చెప్పలేరు. పైన కనిపించే పచ్చటి మచ్చ చెట్టు లాంటిది, దారాల్లాంటి వేర్లు మెత్తని బ్రెడ్ లోపలికి కనబడకుండా పాకి ఉంటాయి. మెత్తగా, తేమగా ఉన్న దేనికి బూజు పట్టినా మొత్తం పారెయ్యాలి. వాసన చూడటానికి ముక్కు దగ్గర పెట్టుకోవడం కూడా వద్దు, బూజు పొడి లోపలికి పోతుంది.

పల్లీలకి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు విషం దొరికింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మనకీ ఇది దూరం కథ కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిని వంద మందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని పరిశోధించారు. ఆ విషం వేయిస్తే, ఉడికిస్తే పూర్తిగా పోదు. కాబట్టి ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదెక్కిన పల్లీ నోట్లో పడితే ఉమ్మెయ్యండి, తేదీ ఎంత దూరం ఉన్నా.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చిప్స్, నూడుల్స్, నూనెలో వేయించిన పిండివంటలు పాడైతే ముందు పోయేది నూనె. గాలి తగిలి ఆక్సీకరణం చెంది మక్కు వాసన వస్తుంది. చిప్స్ ప్యాకెట్లో నైట్రోజన్ నింపేది ఇందుకే, మనల్ని మోసం చేయడానికి మాత్రమే కాదు. ఇక్కడ ముక్కుని నమ్మొచ్చు. పుల్లబడిన పెరుగు మజ్జిగ పులుసుకి పనికొస్తుంది, గులాబీ రంగో నల్ల మచ్చో కనిపిస్తే పనికిరాదు. గుడ్డు నీళ్లలో తేలితే పాతదని అర్థం. లోపలి నీరు ఆవిరై గాలి గది పెద్దదవుతుంది. మునిగితే కొత్తదని మాత్రమే, సాల్మొనెల్లా లేదని కాదు. ఉబ్బిన టిన్ను తెరవొద్దు, టెస్ట్ చేయడానికి కూడా. పచ్చి చికెన్, పనీర్, పాల ప్యాకెట్, వీటికి యూజ్ బై దాటితే నేను బేరాలాడను.

మా గది షెల్ఫ్ మీద ఈ వారం కేసులు ఇవి. సీల్ తియ్యని క్రీమ్ లేని బిస్కెట్లు, తేదీ దాటి మూడు వారాలు. తిన్నాం, కొంచెం మెత్తబడ్డాయి. తెరిచి నెల అయిన కారప్పొడి, తడి తగల్లేదు, తేదీ ఉంది, ఉంచాం. ఇంటి నుంచి వచ్చిన కొబ్బరి లడ్డూలు, ఎవరూ తేదీ వేయలేదు, పదో రోజు. పచ్చి కొబ్బరిలో తేమ ఎక్కువ. అందులో మా రూమ్మేట్ వాళ్లమ్మగారి చేతి రుచి ఉంది కాబట్టి చర్చ గంటసేపు నడిచింది. అయినా పారేశాం. ఇప్పుడు వాళ్లమ్మగారు డబ్బా మూత మీద చేసిన తేదీ స్కెచ్‌పెన్‌తో రాసి పంపిస్తున్నారు.

షాపుల దగ్గర మాత్రం ఇంత ఆలోచన అక్కర్లేదు. ఎక్స్‌పైరీ దాటిన సరుకు తినాలా వద్దా అన్నది మన ఇష్టం, అమ్మడం మాత్రం వాళ్ల ఇష్టం కాదు, నిషేధం. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఉన్నప్పుడు ఫ్రీ ప్యాకెట్ తేదీ విడిగా చూడండి. తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంటే ముట్టుకోకండి. 'ప్యాక్ చేసిన నాటి నుంచి ఇన్ని నెలలు' అని మాత్రమే ఉంటే ప్యాకింగ్ తేదీ వెతికి లెక్క కట్టుకోవాలి. మిఠాయి దుకాణాల్లో విడిగా అమ్మే స్వీట్ల ట్రేల దగ్గర కూడా 2020 అక్టోబర్ 1 నుంచి బెస్ట్ బిఫోర్ తేదీ పెట్టాలి, లేకపోతే అడగొచ్చు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే, చేతికి వచ్చే సరికి షెల్ఫ్ లైఫ్‌లో కనీసం 30 శాతమో లేదా గడువుకి 45 రోజులో మిగిలి ఉండేలా చూడాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో ఆ కంపెనీలకి చెప్పింది. ఫిర్యాదుకి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు, ప్యాకెట్ తేదీ కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకుంటే పని సులువు.

ఇన్ని చెప్పాక కూడా ఎవరో ఒకరు తింటారు. తిన్నాక తేడా చేస్తే, ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, వాంతి ఎన్నింటికి మొదలైంది, ఈ మూడూ ఫోన్‌లో నోట్ చేసుకోండి. డాక్టర్‌కి ఇది చాలా ఉపయోగపడుతుంది. గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులైతే ముందే తయారై ఉన్న విషం మీద అనుమానం వస్తుంది. అదే సాల్మొనెల్లా అయితే సాధారణంగా సగం రోజు నుంచి రెండు మూడు రోజులు పడుతుంది. అంటే చాలాసార్లు మనం తిట్టే చివరి భోజనం నిర్దోషి, అంతకుముందు రోజుది దోషి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినంత నీళ్లలోనే కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. రక్త విరేచనాలు, ఎక్కువ జ్వరం, నీళ్లు కూడా నిలవకపోవడం, మూత్రం ఆగిపోవడం ఉంటే తెల్లారే వరకు ఆగొద్దు. చూపు మసకబారినా, మింగడం కష్టమైనా, మాట ముద్దగా వస్తున్నా అది బొట్యులిజం కావచ్చు, ఆ నిమిషమే ఆటో ఎక్కించండి. మిగిలిన డబ్బా కడగకుండా ఒక కవర్లో కట్టి వెంట తీసుకెళ్లండి.